పరదుఃఖమునకు ఆంగ్లభాష పెట్టిన పేర్లు

ఇతరుల దుఃఖమును చూచినపుడు మన మనస్సున కలుగు చలనమునకు ఆంగ్లభాషలో పేరు ఒక్కటి కాదు. పిటీ, మెర్సీ, కంపాషన్, సింపతీ, ఎంపతీ అని ఐదు మాటలు నిత్యవ్యవహారమున నున్నవి. చేతినిఘంటువు తెరచి చూచినచో దయ, జాలి, కనికరము, కరుణ అను మాటలే వీనికి మరల మరల కనబడును. విద్యార్థి ఒకదానికి బదులు మరొకటి వ్రాసి, అర్థ మొక్కటియే గదా యని సమాధానపడును. కాని ఒక ఆంగ్లేయునితో ఆయన కష్టకాలమున “మీయందు నాకు సింపతీ కలదు” అన్నచో ఆయన కృతజ్ఞత చెప్పును. “మీయందు నాకు పిటీ కలదు” అన్నచో మొగము ముడుచుకొనును. రెండును కరగిన హృదయమునుండి వచ్చిన మాటలే యైనపుడు ఒకటి ఆదరమును, రెండవది అవమానమును ఎట్లయ్యెను? ఈ ప్రశ్నకు వ్యాకరణము సమాధానము చెప్పజాలదు. ఆ మాటల చరిత్రము చెప్పగలదు. పరుల కష్టమును తీర్చవలెనని తలపెట్టు వారందరకును ఆ చరిత్రము పనికివచ్చునది.

సమానార్థకములుగా తోచు మాటల నడుమ భేదమును నిరూపించు పూనిక యూరపు ఖండమున పదునెనిమిదవ శతాబ్దిలో బలపడినది. 1718లో గిరార్ అను ఫ్రెంచి మతాచార్యుడు తన భాషలోని పర్యాయపదములనుగూర్చి గ్రంథమొకటి ప్రకటించెను. ఏ రెండు మాటలకును అన్నివిధముల ఒకే యర్థ ముండదని యాతని వాదము. ఇంగ్లండున శామ్యూల్ జాన్సన్ నిఘంటువు 1755లో వెలువడినది. ఆయనకు చిరకాల పరిచితురాలైన హెస్టర్ పియోజీ యను విదుషి 1794లో ఆంగ్లపర్యాయపదములపై రెండు సంపుటములు వ్రాసినది. నలుగురు కూర్చుండి మాటలాడుకొనునపుడు ఏ మాట ఎచ్చట తగునో తెలుపుట ఆమె యుద్దేశము. పిమ్మట 1816లో జార్జి క్రాబ్, 1852లో పీటర్ రోజే తమ గ్రంథములను ప్రకటించిరి. లండను భాషాశాస్త్రసంఘమువారు 1857లో తలపెట్టగా, 1884లో మొదటి భాగమును 1928లో చివరి భాగమును వెలువడి, నేడు ఆక్స్‌ఫర్డు పేర ప్రసిద్ధమైన మహానిఘంటువు వీని యన్నింటికంటె భిన్నమైన త్రోవ త్రొక్కినది. మాట యెట్లుండవలెనో శాసింపక, ఏ కాలమున ఏ రచయిత దానిని ఏ యర్థమున వాడెనో వరుసగా చూపుట దాని పద్ధతి. ఆ పద్ధతియే ఇచ్చట మనకు దారి.

మొదట ఒక విశేషమును గమనింపవలెను. ఈ భావములన్నింటిని కలిపి నేడు ‘ఎమోషన్’ అనుచున్నారు. ఈ మాట ఆంగ్లమున ప్రవేశించిన పదునాఱవ శతాబ్దిలో దానికి కదలిక, ప్రజలలోని కలవరము అను నర్థము లుండెను. నాటివారు మనోవృత్తులను ‘పాషన్‌’లనియు ‘అఫెక్షన్‌’లనియు రెండుగా చెప్పుచుండిరి. మొదటివి మనుష్యుని లాగుకొనిపోవు ఉద్రేకములు. రెండవవి బుద్ధికి లోబడిన మృదుభావములు. ఎడింబరోలో తత్త్వశాస్త్రాచార్యుడైన థామస్ బ్రౌన్ ఉపన్యాసములు 1820లో అచ్చుపడిన పిదప ఎమోషన్ అను నొక్క మాట రెండింటిని మ్రింగివేయ నారంభించినది. ఈ మార్పును థామస్ డిక్సన్ అను చరిత్రకారుడు 2003లో ప్రకటించిన గ్రంథమున సవిస్తరముగా నిరూపించినాడు. మన ఐదు మాటలలో నాలుగు ఈ మార్పునకు ముందు పుట్టినవి. అవి మనస్సున కలుగు అనుభవముల పేర్లు గాకముందు ధర్మముల పేర్లు, ప్రకృతిశక్తుల పేర్లు.

‘పిటీ’కి మూలము ‘పియెటాస్’ అను లాటిను పదము. రోమనుల దృష్టిలో దానికి కన్నీటితో పనిలేదు. దేవతలయెడ, తలిదండ్రులయెడ, దేశముయెడ మనుష్యుడు నెరవేర్పవలసిన ధర్మమునకు ఆ పేరు. మండుచున్న ట్రాయి నగరమునుండి వృద్ధుడైన తండ్రిని భుజములపై మోసికొని వెడలిన ఈనియస్ ఆ గుణమునకు మూర్తి. వర్జిలు మహాకవి తన కావ్యనాయకుని ఆ విశేషణముతోనే పిలుచుచుండును. క్రైస్తవమతము వ్యాపించిన పిదప అదే మాట దైవము మనుష్యులయెడ చూపు వాత్సల్యమునకును, మనుష్యులు దీనులయెడ చూపు వాత్సల్యమునకును చెల్లినది. ఫ్రెంచిభాష ద్వారమున ఆంగ్లమునకు వచ్చినపుడు భక్తి, జాలి యను రెండర్థములును దానియందు కూడియే యుండెను. క్రమముగా ఒక్క మాట రెండైనది. దైవమువైపు తిరిగినది ‘పైయిటీ’, అనగా భక్తి. దీనునివైపు తిరిగినది ‘పిటీ’, అనగా జాలి. పైకి చూచు చూపును క్రిందికి చూచు చూపును ఇట్లు వేరుపడినవి.

ఆ క్రిందిచూపు ఎంత దూరము పోయినదో ‘పిటిఫుల్’ అను విశేషణము తెలుపును. 1611లో ఇంగ్లండు రాజు అనుమతితో వెలువడిన బైబిలు అనువాదమున, యాకోబు పత్రికలో, ఈ విశేషణము సాక్షాత్తు భగవంతునికే వాడబడినది. నాడు దాని యర్థము దయతో నిండినవాడని. నేడు ఒకని ప్రయత్నమును పిటిఫుల్ అన్నచో అది హీనమైనదని, నవ్వుబాటని అర్థము. మూడు నాలుగు శతాబ్దులలో ఆ విశేషణము దాతనుండి గ్రహీతకు దిగి, గ్రహీతకడ తిరస్కారముగా మారినది. జాలి చూపువాని గొప్పతనమును జాలికి పాత్రుడైనవాని అల్పత్వమును ఒకే త్రాసునకు రెండు తట్టలు. ఒకటి పైకి లేచినకొలది రెండవది క్రుంగును.

‘మెర్సీ’ వెనుక కూలి యున్నది. దాని లాటిను మూలమునకు కూలి, ప్రతిఫలము అని యర్థము; వర్తకుని తెలుపు ఆంగ్లపదము దానికి దాయాది. పేదలకు పెట్టినదానికి ప్రతిఫలము పరలోకమున లభించునను భావముతో క్రైస్తవరచయితలు దానిని దయకు పేరుచేసిరి. నేటి వాడుకలో మెర్సీ చూపవలెనన్నచో ముందుగా శిక్షించు అధికారముండవలెను. న్యాయాధిపతి చూపగలడు, యుద్ధమున గెలిచినవాడు చూపగలడు, పొరుగువాడు చూపజాలడు.

ఈ కుటుంబమునకు చుట్టమైన ‘ఛారిటీ’ని విడిచిపోరాదు. లాటినున ‘కారిటాస్’ అనగా ప్రేమ. క్రొత్తనిబంధనను గ్రీకునుండి ఆంగ్లీకరించి 1526లో అచ్చొత్తించిన విలియం టిండేల్, పౌలు కొరింథీయులకు వ్రాసిన పత్రికలో, రూఢమైన ఛారిటీని విడిచి ‘లవ్’ అను మాటను వాడెను. సర్ థామస్ మోర్ 1529లో వెలువరించిన గ్రంథమున దీనిని పెద్ద యపరాధముగా ఎంచెను. ఒక్క మాటకై యింత కలహమేల యని మనకు తోచును. ఛారిటీ యనగా ధర్మబద్ధమైన పవిత్రప్రేమ. దానికి బదులు నలుగురు నాలుగువిధముల వాడుకొను సామాన్యపదమును పెట్టుట మతమునకు ముప్పని మోర్ భయము. టిండేల్‌ను 1536లో మతద్రోహి యని చంపిరి. ఆ శిక్షకు కారణములు పెక్కుగలవు, ఆయన యనువాదము వానిలో నొకటి. 1611 నాటి బైబిలు మరల ఛారిటీ యనియే వ్రాసినది. 1881లో సవరించిన ప్రతి లవ్ అను మాటను నిలిపినది. ఈలోపల ఛారిటీనుండి ప్రేమ జారిపోయి దానమే మిగిలినది. చలిని చెప్పుటకు ఛారిటీతో పోల్చు జాతీయము కూడ ఆంగ్లమున పుట్టినది. ప్రేమ యను పేరుతో బయలుదేరిన మాటకు చల్లదనము ఉపమానమగుటకంటె విషాదమేమి కలదు?

‘కంపాషన్’ అను మాటను లాటిను క్రైస్తవరచయితలు గ్రీకుపదమైన ‘సింపథైయా’ను ముక్కకు ముక్కగా అనువదించి నిర్మించిరి. మొదటి ముక్కకు ‘కూడ’ అనియు, రెండవ ముక్కకు ‘బాధపడుట’ యనియు అర్థము. అనగా కంపాషన్, సింపతీ అనునవి కవలలు. ఒకటి లాటిను వేషమున, మరొకటి గ్రీకు వేషమున వచ్చినవి. పదునాలుగవ శతాబ్దిలో ఆంగ్లమున చేరిన కంపాషన్‌కు మొదట రెండర్థములు. సమానులు కలిసి బాధపడుట ఒకటి. బాధలేనివాడు బాధపడువానిని చూచి కరగుట రెండవది. పదునేడవ శతాబ్దిలో మొదటి యర్థము అంతరించి రెండవది నిలిచినది. ఐనను ఈ మాటకు పిటీకి లేని గౌరవ మొకటి దక్కినది. పిటీ కలిగినవాడు నిట్టూర్చి తన దారిని తాను పోవచ్చును. కంపాషన్ కలిగినవాడు చేతనైనది చేయబూనునని ఆ మాటలోనే ధ్వని యున్నది.

సింపతీ పదునాఱవ శతాబ్దిలో ఆంగ్లమునకు వచ్చినపుడు ప్రధానముగా హృదయమునకు సంబంధించిన మాట కాదు. అయస్కాంతము ఇనుమును లాగుట, ఒక తంత్రిని మీటగా ప్రక్కనున్న తంత్రి మ్రోగుట, ఇట్టివానికి కారణముగా వస్తువుల నడుమ నిగూఢముగా నున్నదని తలచిన సంబంధమునకు ఆ పేరు. సర్ కెనెల్మ్ డిగ్బీ 1658లో ఫ్రాన్సుదేశమున ప్రకటించిన ఉపన్యాసమున సింపతీచూర్ణ మొకటి వర్ణితమైనది. గాయపడినవాని నెత్తురంటిన గుడ్డను ఆ చూర్ణము కలిపిన నీటిలో ముంచినచో, ఎడముగా నున్న యాతని గాయమునకు ఉపశమనము కలుగునట! ఆ వైద్యమును నేడెవ్వరును నమ్మరు. కాని ఆ యూహలోని యొక యంశము మాటను విడువలేదు. ముట్టుకొనకయే ఒకచోటి బాధ మరొకచోట తెలియును. ఆ రెండు చోటులలో ఎక్కువతక్కువలు లేవు.

డేవిడ్ హ్యూమ్ ఈ తంత్రులనే నీతిశాస్త్రమునకు తెచ్చెను. 1739, 1740 సంవత్సరములలో వెలువడిన తన గ్రంథమున ఆయన మనుష్యుల మనస్సులను సమముగా బిగించిన తంత్రులతో పోల్చి, ఒకదాని చలనము మిగిలినవానికి సంక్రమించునని చెప్పెను. సమముగా బిగించుట అందలి మర్మము. గ్లాస్గో విశ్వవిద్యాలయమున నీతిశాస్త్రాచార్యుడైన ఆడం స్మిత్ 1759లో ప్రకటించిన నీతిభావముల గ్రంథమున సింపతీని పునాదిరాయిగా నిలిపెను. అర్థశాస్త్రమున ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చిన గ్రంథము 1776 నాటిది. ఇది దానికి పదునేడేండ్ల పెద్దది. పిటీ, కంపాషన్ అనునవి ఇతరుల దుఃఖమునందు మాత్రమే చెల్లునవియు, సింపతీ వారి యే భావమునందైనను, సంతోషమునందు సైతము, పాలుగొనుటకు చెల్లదగినదనియు ఆయన పదభేదమును స్పష్టముగా నిర్ణయించెను. సోదరుడు చిత్రహింసకు లోనగుచున్నను మన యింద్రియములకు ఆ బాధ తెలియదు. ఊహచేత వాని స్థానమున మనలను నిలుపుకొన్నపుడే అది కొంత తెలియును. ఇంతవరకు చాలమంది చెప్పగలరు. స్మిత్ మరి యొక యడుగు వేసెను. బాధపడువాడును చూచువాని స్థానమునకు వచ్చి తన్ను తాను చూచుకొనునని ఆయన గ్రహించెను. ఈ త్రోవ రాకపోకలు రెండును గలది. జాలి నడచు త్రోవలో దిగుటయే గాని యెక్కుట లేదు.

ఈ భేదము పండితుల పుస్తకములలోనే యుండినచో మనము దానిని ఇంతగా విచారింపనక్కరలేదు. బానిసవ్యాపారముపై జరిగిన యుద్యమమున అది వేలకొలది కుటుంబముల భోజనపుబల్లకు వచ్చినది. ఆ వ్యాపారమును నిర్మూలించుటకు 1787లో లండనున ఒక సంఘమేర్పడినది. పింగాణిపనిలో పేరుగన్న జోసయా వెడ్జ్‌వుడ్ ఆ యేటనే ఒక పతకమును తయారు చేయించెను. సంకెళ్ళతో మోకరించి చేతులు జోడించిన ఆఫ్రికనుని బొమ్మ. దాని చుట్టును, నేను మనుష్యుడను కానా, సోదరుడను కానా యను ప్రశ్న. స్త్రీలు దానిని చేతికడియములందును, తలపిన్నులందును పొదిగించుకొని ధరించిరి. ఆ పతకమును పరీక్షించినచో రెండు మాటలును ఒకేచోట పెనగులాడుచున్నట్లు కనబడును. మోకరించిన బొమ్మ పిటీని యాచించుచున్నది. సోదరుడను కానా యను ప్రశ్న సింపతీని కోరుచున్నది. సోదరుడైనవాడు మోకరింపనేల? ఈ ప్రశ్న ఆ పతకమును చేసినవారికి తోచినట్లు లేదు.

1791లో బానిసల చాకిరితో పండిన వెస్టిండీసు చక్కెరను మానవలెనని కరపత్రము వెలువడగా, మూడులక్షలమంది మానివేసిరని ఉద్యమనాయకుడైన థామస్ క్లార్క్‌సన్ అంచనా వేసెను. ఓటుహక్కు లేని గృహిణులకు చక్కెరడబ్బా ఒక ఆయుధమైనది. పిమ్మట 1820 ప్రాంతమున, బానిసలు చేయని తూర్పుఇండియా చక్కెర యని వ్రాసిన పాత్రలు సయితము ఇండ్లలో వెలసినవి. ఇదిగాక, బానిసగా బ్రదికి, తన స్వాతంత్ర్యమును తానే 1766లో వెలయిచ్చి కొనుక్కొన్న ఒలౌడా ఎక్వియానో 1789లో స్వీయచరిత్రమును ప్రకటించెను. అంతవరకు పతకముపై మోకరించిన బొమ్మగా నున్న మనుష్యుడు కలముపట్టి మాటలాడెను. చదివినవారు ఆతనిపై జాలిపడవచ్చును. ఆతని తెలివిని, చమత్కారమును, కోపమును కూడ అంగీకరింపక తప్పలేదు.

1807లో బ్రిటిషు పార్లమెంటు బానిసవ్యాపారమును నిషేధించినది. 1833లో బానిసత్వమును రద్దుచేయు చట్టమును గావించినది. ఆ చట్టము రెండుకోట్ల పౌనుల నష్టపరిహారము నిచ్చినది. ఎవరికి? బానిసల యజమానులకు! విముక్తులైనవారికి ఒక్క పెన్నీయైన ముట్టలేదు. పైగా పని నేర్చుకొనువారను నెపమున వారిలో ననేకులు 1838 వరకు పూర్వపు యజమానులకడనే చాకిరి చేయవలసివచ్చినది. పిటీ దుఃఖమును చూచును గాని బాకీని చూడదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. బాధపడువానిని సమానునిగా తలచినవాడు మొదట వానికి రావలసినదేమి యని యడుగును. బానిసలు పోగా కొరవడిన కూలీలకై తోటల యజమానులు మన దేశమువైపు చూచిరి. 1834 మొదలు ఒప్పందపుకూలీల నోడలు మారిషసుకు సాగినవి. కోరంగి రేవునుండి పోయిన తెలుగువారికి ఆ దీవిలో కోరంగీలను పేరు నిలిచినది. తూర్పుఇండియా చక్కెరను ఆదరించిన సింపతీ తూర్పుఇండియా మనుష్యునిదాక సాగుటకు చాలకాలము పట్టినది.

స్త్రీలవిషయమున ఈ భేదమును తీక్ష్ణముగా గుర్తించినది మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్. 1792లో స్త్రీల హక్కులనుగూర్చి వ్రాసిన గ్రంథము తొలిపుటలలోనే ఆమె, కేవలము జాలికి పాత్రులైనవారు త్వరలోనే తిరస్కారమునకు పాత్రులగుదురని హెచ్చరించినది. సుకుమారులు, అబలలు, పాపము నిస్సహాయులు అని స్త్రీలనుగూర్చి మెత్తగా పలుకు వారే వారికి చదువును, వృత్తిని, ఆస్తిని నిరాకరించుచుండిరి. మెత్తని మాట ఆ నిరాకరణకు కప్పిన పట్టుగుడ్డ. పిటిఫుల్ అను విశేషణము నిఘంటువులో నడచిన దారినే పిటీకి లోబడిన మనుష్యులు సంఘమున నడచుదురని ఆమె కనిపెట్టినది.

పందొమ్మిదవ శతాబ్దిలో సింపతీకిని అదే గతి పట్టనారంభించినది. 1834 నాటి దరిద్రపోషణ చట్టము పేదలను శ్రమగృహములలో చేర్చినది. 1869లో లండనున ఏర్పడిన దానవ్యవస్థాసంఘమువారు అర్హులైన పేదలను, అనర్హులైన పేదలను ఇంటింట విచారించి విడదీయ బూనిరి. పరామర్శకు వచ్చిన యమ్మగారు వంటిల్లు పరిశీలించి, నడవడి విచారించి, సింపతీ చూపి వెళ్ళుచుండెను. ఇట్లు విచారణాధికారముతో కలిసినపుడు తంత్రులు సమముగా నెట్లుండును? ఈ లోపమును గుర్తించిన శామ్యూల్, హెన్రియెటా బార్నెట్ దంపతులు 1884లో లండను తూర్పుభాగమున టాయిన్బీ హాలును స్థాపించి, విశ్వవిద్యాలయ యువకులు పేదల నడుమనే కాపురముండునట్లు చేసిరి. 1908 చట్టము ప్రకారము మరుసటి జనవరి మొదలు డెబ్బదియేండ్లు నిండిన బీదలకు వారమునకు అయిదు షిల్లింగులదాక పింఛను తపాలాకచేరీలో లభించినది. అది ముష్టి కాదు, హక్కు. ఇట్లు కొన్ని మంచిపనులు సింపతీ యను మాటను దాటి ముందుకు పోయినవి. మాటమాత్రము వెనుకబడినది. నేడు దుకాణములలో సింపతీకార్డు లనగా మరణించినవారి యిండ్లకు పంపు పరామర్శపత్రికలు. “మాకు మీ సింపతీ వలదు” అని అంగవైకల్యము గలవారు పలుకుచున్నారు. ఒకప్పుడు పిటీనిగూర్చి పలికిన మాట యిది.

ఇట్లు ఖాళీయైన పీఠమున కూర్చున్నది ‘ఎంపతీ’. దీని జన్మస్థానము చిత్రకళాశాస్త్రము. రాబర్ట్ విషర్ అను జర్మను పండితుడు 1873లో, చిత్రమునో శిల్పమునో చూచునపుడు మన భావమును దానిలోనికి ప్రవేశపెట్టుటను తెలుపుటకు ‘ఐన్‌ఫ్యూలుంగ్’ అను మాటను వాడెను. థియొడోర్ లిప్స్ దానిని విస్తరింపజేసెను. బరువును మోయుచున్న స్తంభమును చూచునపుడు మన వెన్నెముకయు నిటారుగా నిలుచునట్లు తోచును గదా, అట్టిది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయమున మనశ్శాస్త్రాచార్యుడైన ఎడ్వర్డ్ టిచెనర్ 1909లో దీనికి గ్రీకుముక్కలతో ఎంపతీ యని ఆంగ్లరూపము కల్పించెను. నేటి గ్రీకుభాషలో ఆ మాటకు ద్వేషబుద్ధి యని అర్థముండుట వింత. స్తంభములనుండి మనుష్యులకు మరలి, ఇరువదవ శతాబ్ది మధ్యమున ఇతరుని అంతరంగమును ఆతని చోటునుండి గ్రహించుట యను నర్థమున అది స్థిరపడినది. కార్ల్ రోజర్స్ అను మనోవైద్యనిపుణుడు 1957లో వ్రాసిన వ్యాసమున, చికిత్స ఫలించుటకు కావలసిన నియమములలో దీనిని చేర్చెను.

నేటి భేదమును ఒక్క యుదాహరణముతో చూపవచ్చును. పొరుగింటి యజమానికి ఉద్యోగము పోయినది. పాపమని తల యూపి, మనకట్టి గతి రాలేదుగదా యని లోలోన సంతసించువానిది పిటీ. ఆ యింట పొయ్యి వెలుగునా యని విచారించి బియ్యము పంపువానిది కంపాషన్. ఆయనకు జరిగినది అన్యాయమని తలచి, ఆయన పక్షమున నిలుచువానిది సింపతీ; మరొక కార్ఖానా కూలీల కొరకు తాము పని మానిన కూలీల సమ్మెకు ఆంగ్లమున ఈ మాటయే పేరైనది. పోయినది జీతము మాత్రమే కాదు, ఉదయము గడప దాటుటలోని గౌరవము కూడ నని ఆయన చెప్పకయే గ్రహించువానిది ఎంపతీ. మెర్సీకి ఇచ్చట తావులేదు. అది ఉద్యోగము తీసివేసినవానియొద్ద నున్నది.

అయినను ఎంపతీయే అన్నింటిలో శ్రేష్ఠమని తలచరాదు. ఇతరుని మనస్సును లోనుండి ఎఱిగినవాడు ఆతనికి మేలే చేయునను నియమము లేదు. మోసగానికి ఆ యెఱుక పెట్టుబడి. అదిగాక, పాల్ బ్లూమ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 2016లో ప్రకటించిన గ్రంథమున వాదించినట్లు, ఈ భావము కన్నులయెదుట నున్న ఒక్కనివైపు, మనవంటివానివైపు, సులభముగా ప్రవహించును. దూరముననున్న వేలమందిని మరచును. ఒక మాట పాతబడగానే క్రొత్తమాటను తెచ్చుకొనుట ఆంగ్లేయుల యలవాటైనది. పిటీ, కంపాషన్, సింపతీ అనునవి పుట్టుకచే ధర్మమును, సహవేదనమును, సమశ్రుతిని తెలిపిన మాటలు. పలుకువారు అరుగుమీద నిలిచి వీథిలోనివారితో పలుకుచున్నంతకాలము ప్రతిమాటయు క్రమముగా క్రిందికి జారును. ఆ దోషము మాటలది కాదు. అరుగు ఎత్తుది.

మన భాషలకును ఈ విచారణ తగినదే. సంస్కృతమున దయకు మూలమైన ధాతువునకు ధాతుపాఠము దానము, రక్షణము అను నర్థములతోపాటు హింస యను నర్థమును కూడ చెప్పినది. దయనుగూర్చి ఇంతకంటె హెచ్చరిక యేమి కావలెను? ‘అనుకంప’ యనగా మరొకనితోపాటు కంపించుట. హ్యూమ్ చెప్పిన తంత్రుల యుపమానము ఆ మాట కడుపులోనే యున్నది. బౌద్ధులు కరుణ ప్రక్కన ‘ముదిత’ను నిలిపి, పరుల సుఖమునకు సంతసించుటను వేరుగా సాధింపవలసిన గుణముగా ఎంచిరి. ఆంగ్లమున దీనికి వాడుకలో ఒక్క మాట లేదు. స్మిత్ సింపతీని సంతోషమునకును చాచుట ఆ లోటును పూడ్చుటకే యనదగును. దుఃఖితుని చూచి ఏడ్చుట సులభము. అతడు బాగుపడి మనతో సమానుడైననాడు సంతోషించుట కష్టము. మన సానుభూతి సింపతీకి సాటిగా ఆధునికులు రూఢిచేసిన మాట. అదియు ఇప్పటికే పత్రికలలో పరామర్శవాక్యముగా అరగిపోగా, ఎంపతీకై సహానుభూతి యని వ్రాయుచున్నారు. క్రొత్తమాట మంచిదే. దానికైన ఆ గతి పట్టకుండ జూచుకొనవలెను.

బాలవితంతువుపై జాలి మన తెలుగునాట ఎన్నడును కొఱవడలేదు. అమ్మలక్కలు ఆమెను చూచి కంటతడి పెట్టుచునే యుండిరి. ఆ కంటతడితోనే ఆమెను శుభకార్యములకు ఎడముగా నుంచుచుండిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపించినపుడు, ఊరిలో కలవరము పుట్టించినది ఆ బాలిక దుఃఖము కాదు. ఆ పెండ్లికి ఎవరు వెళ్ళిరి, ఎవరు భోజనము చేసిరి, వారిని ఇక పంక్తిలో కూర్చుండనీయవచ్చునా యను ప్రశ్నలే. జాలి గుమ్మము వెలుపల విస్తరి వేయును. సింపతీకి అది పుట్టిననాడున్న యర్థమును మన భాషలో చెప్పవలసివచ్చినచో, పంక్తిలో చోటిచ్చుట యని చెప్పవచ్చును. వీరేశలింగముగారి తరమువారు వెలిపడుటకు సిద్ధపడి ఆ చోటు నిచ్చిరి.

కావున పరోపకారమును తలపెట్టు గృహస్థులు తమ హృదయమున కలిగిన భావమునకు ఏ పేరు పెట్టవలెనని సందేహించునపుడు ఒక పరీక్ష చేసికొనవచ్చును. మన సాయము పొందినవాడు మనకు మారుపలుక గలడా? మన యింట పనిచేయు మనిషి, మనము వేసిన చీరె తనకు వలదనియు, పెరుగవలసిన జీతము కావలెననియు చెప్పినపుడు మనకు కోపము వచ్చినచో, అంతవరకు మనము చూపినది పిటీ. ఆమె చెప్పినది న్యాయముగా తోచి లెక్కలు చూచుకొన కూర్చున్నచో, ఆ భావమునకు ఏ భాషలో ఏ పేరు పెట్టినను తప్పులేదు.